ఇంటిపేరుకు చెట్టు, ఊరికి తోట

కుటుంబ స్మారక ఉద్యానం అంటే ఒక ప్రాంతంలో తరతరాలుగా బతికిన కుటుంబాల జ్ఞాపకాన్ని అందరూ వాడుకునే తోట రూపంలో నిలపడం. దానికి స్థలం మూడు దారుల్లో వస్తుంది. ఒక కుటుంబం దానం చేస్తుంది, కొన్ని కుటుంబాలు చందాలు వేసుకొని కొంటాయి, లేదా పురపాలక సంఘం తన ఖాళీ జాగాను కేటాయిస్తుంది. ఏ దారిలో వచ్చినా ముందు నాలుగు విషయాలు తేలాలి. తోట ఎవరి కథ చెబుతుంది? భూమి ఎవరి పేరున ఉంటుంది? నీళ్లు ఎక్కడివి? పదేళ్ల తర్వాత తోటమాలికి జీతం ఎవరిస్తారు?

సూర్యాపేట జిల్లా నేరేడుచర్ల లాంటి చిన్న పట్టణాలు ఈ ప్రశ్నలను ఇప్పుడే తేల్చుకోవాలి. మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ వెళ్లే దారిలోని ఈ మండల కేంద్రం 2018లో పురపాలక సంఘమైంది. 15 వార్డులున్నాయి. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద వరి మాగాణి విస్తరించింది, వరి వెంట రైసు మిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట బజారు పెరిగింది. ఊరు పట్టణమవుతుంటే రోడ్డు పక్క చెలకలు ప్లాట్లవుతాయి. చెలక ప్లాటయిందంటే గట్టు మీది చింతచెట్టు, మోటబావి, సొంత భూమిలో కట్టుకున్న పెద్దల సమాధి అన్నీ ఒక్క రిజిస్ట్రేషన్‌తో చేతులు మారతాయి. ‘ఫలానా వారి బావి’, ‘ఫలానా వారి తోపు’ అని పిలవడం మరో తరం వరకు సాగుతుంది, ఆ తర్వాత ఆగిపోతుంది.

పాత ఆనవాయితీ

కుటుంబం పేరు నిలవాలంటే ఊరికి పనికొచ్చేది ఒకటి కట్టాలన్న ఆలోచన తెలుగు నేలకు కొత్త కాదు. తటాకం, నిధి, అగ్రహారం, దేవాలయం, వనం, కావ్యం, సుతుడు అని ఏడింటిని సప్త సంతానాలుగా లెక్కించారు. కన్నకొడుకు వీటిలో ఒకడు మాత్రమే. నాటిన తోట, తవ్వించిన చెరువు అతనితో సమానంగా వంశాన్ని నిలిపేవిగా పేరు పొందాయి.

ఇందుకు జిల్లాలోనే గట్టి సాక్ష్యముంది. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లది. అక్కడి నామేశ్వరాలయం 1202 నాటిది. బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో ఎరకేశ్వరాలయం కట్టించింది. ఆ వంశపు గుళ్లను, దానాలను శాసనాలు నమోదు చేశాయి. అదే రేచర్ల వంశీయుడు రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. గుడి దగ్గరి చెరువు నేటికీ పొలాలకు నీరిస్తోంది. రేచర్ల వారి కోటలు, పరివారం, అధికారం పోయాయి. ఊళ్లు వాడుకుంటూ వచ్చినవి మాత్రం మిగిలాయి, పేరు కూడా వాటినే అంటిపెట్టుకుని మిగిలింది. ఇవాళ తోట వేయబోయే కుటుంబమైనా, పురపాలక సంఘమైనా ముందుగా గమనించాల్సింది ఇదే. వాడకం ఉన్నన్నాళ్లే పేరు ఉంటుంది.

ఎవరి వారసత్వం?

స్థానిక కుటుంబాల వారసత్వం అనగానే సాధారణంగా ముందుకొచ్చేవి భూమి, గడి, పటేలు–పట్వారీ హోదాలు ఉన్న ఇళ్లు. పూర్వపు నల్లగొండ జిల్లాలో ఈ ఎంపిక సాదాసీదా వ్యవహారం కాదు. నిజాం పాలన చివరి రోజుల్లో సూర్యాపేట తాలూకాలోని ఎర్రపాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి కుటుంబానికి లక్షన్నర ఎకరాల భూమి ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో రాశారు. 1946 నుంచి 1951 వరకు సాగిన ఆ పోరాటానికి ఈ జిల్లా తాలూకాలే గుండెకాయ. భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం ఈ నేల బిడ్డలే. ఒకే ఊళ్లో ఒక ఇంటివారికి గౌరవ చిహ్నమైన గడి, పక్క ఇంటివారికి వెట్టి గుర్తు. ఒక్క భూస్వామ్య కుటుంబం పేరుతో బోర్డు పెడితే ఆ పాత లెక్కలు మళ్లీ పైకొస్తాయి.

ఈ నేలలోనే భూమి ఇచ్చిన చరిత్ర కూడా ఉంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకొచ్చారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది. ఆయన కుటుంబం పేరును చరిత్రలో నిలిపింది ఉన్న భూమి కాదు, ఇచ్చిన భూమి.

పైగా నేరేడుచర్ల చుట్టుపక్కల కుటుంబం అన్న మాటకు చాలా రూపాలున్నాయి. కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి పనులతో ఊరి వ్యవసాయాన్ని నడిపిన ఇళ్లున్నాయి. తాళ్లెక్కిన గౌడులు, మందలు కాసిన గొల్లలు, మగ్గం నేసిన పద్మశాలీలు, పొలం పనంతా మోసిన మాల మాదిగలు ఉన్నారు. కాలువ వచ్చాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి భూములు కొని స్థిరపడినవారు కూడా ఇప్పుడు రెండు మూడు తరాల పాతకాపులే. ఒకప్పటి నేరేడుచర్ల మండలంలోనే ఉండి, ఇప్పుడు పాలకవీడు మండలంలోకి వెళ్లిన జాన్‌పహాడ్ దర్గా ప్రభావం ఇళ్లలోని పేర్లలోనే కనిపిస్తుంది. సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అనే పేర్లు ఈ ప్రాంతపు హిందూ కుటుంబాల్లో సర్వసాధారణం. వారసత్వాన్ని ఒక కులానికో మతానికో కుదించడం ఈ ప్రాంతంలో చరిత్రకు విరుద్ధం. అందుచేత తోటకు స్థలమిచ్చిన కుటుంబానికి ఇచ్చినవారిగా గౌరవం దక్కాలి, తోటలో చెప్పే కథలో మాత్రం ఊరంతా ఉండాలి.

మూడు నమూనాలు

ఈ జిల్లాలోనే ఒక అరుదైన నమూనా ఉంది. మోతె మండలం రాఘవాపురానికి చెందిన దుశర్ల సత్యనారాయణ తనకు వారసత్వంగా వచ్చిన సుమారు 70 ఎకరాలను దశాబ్దాల పాటు అడవిగా పెంచారు. జల సాధన సమితి ద్వారా నల్లగొండ ఫ్లోరైడ్ గోస మీద ఉద్యమించిన వ్యక్తి ఆయన. ఆ అడవిలో చెట్లను కొట్టరు, పండ్లు పక్షులకూ జంతువులకూ వదిలేస్తారు. వారసత్వ భూమికి కుటుంబం చేయగల మేలు పంచుకోవడం, అమ్ముకోవడం అనే రెంటి మధ్యే ఆగిపోనక్కరలేదని ఆ 70 ఎకరాలు చూపుతున్నాయి. అయితే ఒక మనిషి పట్టుదల మీద నిలిచిన అడవి అది. పట్టణ తోటకు ఒక సంస్థ దన్ను కావాలి.

రెండో నమూనా హైదరాబాద్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం. చివరి నిజాం మనుమడు ముకర్రం జా చిరాన్ ప్యాలెస్ ఉన్న ఆవరణ అది. 1998లో జాతీయ ఉద్యానమైంది. పేరు మాజీ ముఖ్యమంత్రిది, పాత ఆవరణ ఆసఫ్‌జాహీ కుటుంబానిది, వాడకం నగర ప్రజలది. రోజూ అక్కడ నడిచేవారికి ఈ మూడింటి సంబంధం చెప్పే ఏర్పాటు లేకపోతే తోట బతుకుతుంది కానీ చరిత్ర చెరిగిపోతుంది. పచ్చదనాన్ని కాపాడటం, జ్ఞాపకాన్ని కాపాడటం వేర్వేరు పనులు. ఒకటి చేస్తే రెండోది దానంతట అదే జరిగిపోదు.

మూడోది టోక్యోలోని కియోసుమి తోట. మిత్సుబిషి సంస్థను స్థాపించిన ఇవసాకి కుటుంబానిది. 1923 మహా భూకంపంలో ఆ తోట వేలమందికి తలదాచుకునే చోటయింది. ఆ మరుసటి ఏడాదే కుటుంబం తోటలో దెబ్బతినని భాగాన్ని నగరానికి ఇచ్చేసింది. 1932లో దాన్ని ప్రజలకు తెరిచారు. ఆపదలో ఊరికి అక్కరకు రావడం వల్లనే అది ప్రజల తోటయింది.

భూమి హక్కు ముందు

తోట ఆలోచనలు చాలావరకు చతికిలబడేది భూమి కాగితాల దగ్గరే. ఆస్తి బదిలీ చట్టం, 1882 ప్రకారం స్థిరాస్తి దానం చెల్లాలంటే రిజిస్టరైన దస్తావేజు ఉండాలి, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి, పుచ్చుకునేవారు దాత బతికుండగానే దాన్ని అంగీకరించాలి. సభలో మైకు ముందు చేసిన ప్రకటన దానం కాదు. భూదానంలో వచ్చిన భూములు ఎన్నోచోట్ల దశాబ్దాల పాటు వివాదాల్లో నలిగాయి. హద్దులు కొలవక, రికార్డులు మార్చక, దాత వారసులు తిరిగి అమ్ముకున్న ఉదంతాలు తెలంగాణలో కోర్టుల దాకా వెళ్లాయి.

పిత్రార్జితమైతే జాగ్రత్త మరింత కావాలి. 2005 సవరణ తర్వాత హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కుంది. అన్నదమ్ములు మాత్రమే కూర్చుని తీర్మానం చేస్తే సరిపోదు, ఆడబిడ్డల సంతకాలూ కావాలి. ఇంటి పెద్ద ఉమ్మడి ఆస్తిలో సహేతుకమైన కొద్ది భాగాన్ని ధర్మకార్యానికి ఇవ్వవచ్చని న్యాయస్థానాలు ఒప్పుకున్నాయి. ప్రేమాభిమానాల కొద్దీ ఇచ్చింది మాత్రం ధర్మకార్యం కిందికి రాదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. కాబట్టి ముందు పాళ్లు తేల్చుకుని, దాయాదులందరి సమ్మతితో రిజిస్టర్ చేయడమే క్షేమం. భూమి ఏ పనికి ఇచ్చారో, ఆ పనికి తప్ప మరో దానికి వాడరాదన్న షరతు దస్తావేజులోనే ఉండాలి.

దాతలు లేనిచోట లేఅవుట్ ఖాళీ స్థలాలే దిక్కు. లేఅవుట్ వేసేటప్పుడు పదో వంతు స్థలాన్ని ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు దఖలు పరచాలి. చిన్న పట్టణాల్లో వీటిలో ఎన్ని కాగితం మీద ఉన్నాయో, ఎన్ని నేల మీద ఉన్నాయో కొలిచి కంచె వేయడమే తోటకు మొదటి అడుగు. చెరువు శిఖం భూమిని తోట పేరుతో పూడ్చడం మాత్రం చేయకూడని పని. పూర్వీకులు తవ్విన చెరువును పూడ్చి పూర్వీకుల స్మారకం కట్టడంలో అర్థం లేదు.

ఒకసారి పార్కుగా నిర్ణయించిన స్థలానికి న్యాయరక్షణ బలంగానే ఉంది. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు కేటాయించడాన్ని సుప్రీంకోర్టు 1991లో కొట్టేసింది. లక్నోలోని ఝండేవాలా పార్కు కింద కడుతున్న భూగర్భ దుకాణ సముదాయాన్ని కూల్చి పార్కును యథాస్థితికి తేవాలని 1999లో ఆదేశించింది. రోడ్లు, కాలిబాటలు, ఇతర ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని 2013 జనవరిలో చెప్పింది. కూడళ్లలో చోటు దొరకని విగ్రహాలు పార్కుల వైపు చూస్తాయి. స్మారక తోటలో విగ్రహాలకు చోటు లేదని ఆరంభంలోనే నియమం పెట్టుకుంటే ఏ కుటుంబం విగ్రహం పెద్దదన్న పోటీ మొదలే కాదు.

ఏ చెట్లు, ఎన్ని?

ఎకరం అంటే 40 గుంటలు, సుమారు 4,047 చదరపు మీటర్లు. మర్రి, రావి లాంటి మహావృక్షాలను పక్కన పెట్టి వేప, నేరేడు లాంటి పెద్ద చెట్లను ఎనిమిదేసి మీటర్ల ఎడంతో నాటినా ఎకరంలో అరవై పైచిలుకు మాత్రమే పడతాయి. ఈ లెక్కే స్మారకం స్వరూపాన్ని నిర్ణయిస్తుంది. పట్టణంలోని ప్రతి కుటుంబానికి, చనిపోయిన ప్రతి మనిషికి ఒక చెట్టు అంటే స్థలం చాలదు. డబ్బిచ్చినవారికే చెట్టు అంటే తోట చందాల జాబితా అవుతుంది. ఇంటిపేరు ప్రాతిపదిక అయితే లెక్క కుదురుతుంది. ఒక ఇంటిపేరు కింద పదుల కుటుంబాలు ఉంటాయి, ఒక్కోసారి వేర్వేరు కులాలవారూ ఉంటారు. నేరేడుచర్ల 15 వార్డులకు నాలుగేసి చెట్ల చొప్పున పంచితే అరవై అవుతాయి. ఏ వార్డు చెట్ల కింద ఏ ఇంటిపేర్లు రాయాలో ఆ వార్డు సభలోనే తేల్చుకోవచ్చు. మిగిలిన పేర్లకు పొదలు, తీగలు, రాతి అరుగులు ఉన్నాయి.

చెట్ల ఎంపికకు ఈ నేలే దారి చూపుతుంది. నేరేడు నీరు నిలిచే చోటును కూడా తట్టుకుంటుంది. పండ్లు రాలి మరకలు పడతాయి కాబట్టి నడకబాటకు ఎడంగా ఉండాలి. చింత, వేప, కానుగ, మారేడు, పొగడ, ఇప్ప ఎండకు ఓర్చుకుంటాయి. రావి, మర్రి వేళ్లు గోడలను చీలుస్తాయి కనుక అవి తోట నడుమ ఒకటి రెండు చాలు. రాష్ట్ర వృక్షం జమ్మి దసరాకు, ఉసిరి కార్తీక వనభోజనాలకు, రాష్ట్ర పుష్పం తంగేడు, దాని పక్కన గునుగు బతుకమ్మకు కావాలి. ఆ మూడు సందర్భాల్లోనూ జనం కుటుంబాలుగానే కదులుతారు. జమ్మి దగ్గర ఇంటిల్లిపాది పేర్లు కాగితం మీద రాసి కొమ్మకు కట్టే ఆచారం తెలుగు ఊళ్లలో ఉంది. కుటుంబ జ్ఞాపకానికి ఇంతకన్నా సహజమైన వేదిక కొత్తగా కట్టలేం. బతుకమ్మ ఆడేందుకు చదును నేల, నిమజ్జనానికి చిన్న కొలను మొదటి నమూనాలోనే ఉండాలి.

త్వరగా పచ్చబడుతుందని విదేశీ మొక్కల వైపు మొగ్గడం పాత పొరపాటు. హరితహారంలో విస్తారంగా నాటిన కోనోకార్పస్‌ను ఇక నాటవద్దని ప్రభుత్వమే తర్వాత చెప్పాల్సి వచ్చింది. స్థానిక జాతులు ఎదగడానికి ఆలస్యం చేస్తాయి. గింజ నుంచి వచ్చిన నేరేడు, చింత కాపుకు రావడానికి సుమారు పదేళ్లు పడుతుంది. అందుకని నిదానంగా పెరిగే చెట్ల మధ్య మునగ, అవిసె లాంటి త్వరగా ఎదిగేవి వేసి, తర్వాత వాటిని తీసేయడం రైతులకు తెలిసిన పద్ధతే.

నీటి విషయంలో కాలువను నమ్ముకోరాదు. సాగర్ నిండని ఏడాది ఎడమ కాలువకు వేసవి నీళ్లు రావు, మొక్కకు నీళ్లు అత్యవసరమయ్యేదీ అప్పుడే. మొదటి మూడు ఎండాకాలాలు గట్టెక్కితే పెద్ద చెట్లు సొంతంగా బతుకుతాయి. ఆ మూడేళ్లకు బోరు, డ్రిప్పు, వాననీటి గుంత కావాలి. స్థలంలో పాత మోటబావి ఉంటే పూడ్చకుండా పూడిక తీసి, చుట్టూ గోడ కట్టి వాడుకోవచ్చు. అది నీటికి ఆధారమవుతుంది, ఒకనాటి సేద్యానికి సాక్ష్యంగానూ నిలుస్తుంది.

కథలు ఎక్కడి నుంచి?

కుటుంబాల చరిత్రకు రెవెన్యూ రికార్డులు ఒక ఆధారం మాత్రమే. భూమి లేనివారి పేర్లు వాటిలో దొరకవు. తెలంగాణలో వంశ చరిత్రలను నోటి మీద నిలిపిన కులాలు వేరే ఉన్నాయి. పిచ్చకుంట్లవారు, అంటే ఇప్పటి వంశరాజులు, కాపుల ఇంటిపేర్లు, గోత్రాలు చెబుతారు. డక్కలివారు మాదిగలకు జాంబ పురాణం వినిపిస్తారు. మందెచ్చులవారు గొల్లలకు, సాధనాశూరులు పద్మశాలీలకు, రుంజవారు విశ్వకర్మలకు కథకులు. వారిని పోషించిన కుటుంబాలు వలసపోయి ఈ వృత్తులు తగ్గిపోతున్నాయి. తోట నిర్మాణంతో పాటే వీరి చేత చెప్పించి రికార్డు చేయించడం జరగాలి. తోటలోని రచ్చకట్ట ఏడాదికొకసారి వారి కథలకు వేదిక కావచ్చు. సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతరలో యాదవ కుటుంబాలకు తరతరాలుగా వచ్చే బాధ్యతలు ఇప్పటికీ సాగుతున్నాయి. రెండేళ్లకోసారి చేయాల్సిన పని ఉండటం వల్లే ఆ వరుసలు మరుపున పడలేదు.

బోర్డు మీద రాసేది క్లుప్తంగా ఉండాలి. ఇంటిపేరు, ఆ కుటుంబాలు చేసిన పని, ఊరికి వచ్చిన కాలం తెలిస్తే అది, ఆ కథ చెప్పినవారి పేరు చాలు. పొగడ్తలు, పదవులు అక్కరలేదు. బతికి ఉన్నవారి పేర్లు చెట్లకు పెట్టకపోవడం మంచిది. రాజకీయాలు మారినప్పుడు పేర్లు చెరిపే అవస్థ తప్పుతుంది. అభ్యంతరాలు వినడానికి గడువు ఇచ్చి, ఆ తర్వాతే రాతి మీద చెక్కించాలి.

నిర్వహణకు మూలధనం

తోట వేయడం ఒక్క ఏడాది ఖర్చు, నిలపడం ఏటేటా ఖర్చు. రాష్ట్ర పురపాలక చట్టం, 2019 బడ్జెట్‌లో పది శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చెబుతోంది. 2020 నుంచి ఊరూరా వేసిన పల్లె ప్రకృతి వనాల అనుభవం కళ్లముందే ఉంది. నీళ్లు పోసే మనిషికి జీతం సక్రమంగా అందినచోట వనం నిలిచింది, అందనిచోట కంచె, బోర్డు మిగిలాయి.

కాబట్టి కుటుంబాల చందాలు ప్రవేశద్వారానికి కాక మూలధనానికి వెళ్లాలి. ఉదాహరణకు తోటమాలి, కాపలాదారు, కరెంటు, మరమ్మతులకు కలిపి నెలకు 40 వేల రూపాయలు కావాలనుకుంటే ఏడాదికి 4.8 లక్షలవుతుంది. ఏడు శాతం వడ్డీ మీద అంత రావాలంటే దాదాపు 69 లక్షల డిపాజిట్ ఉండాలి. ఒక కుటుంబానికి అది భారం. విదేశాల్లో ఉన్నవారితో సహా అరవై ఇంటిపేర్ల వారు పంచుకుంటే ఒక్కో ఇంటిపేరుకు 1.15 లక్షలు పడుతుంది. ఇవ్వలేని ఇంటిపేర్లవారి వాటాను తోట నిధి భరించాలి, వారి చెట్టుకూ పేరుకూ లోటు రాకూడదు. ఇంగ్లండ్‌లో 1895లో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ పాత కుటుంబాల భవనాలను, తోటలను స్వీకరించేటప్పుడు నిర్వహణకు నిధి కూడా అడుగుతుంది. నిధి లేని ఆస్తి గౌరవం కన్నా భారమే ఎక్కువ తెస్తుందన్న అనుభవంతో వచ్చిన పద్ధతి అది.

పర్యవేక్షణ ఒక్కరి చేతిలో ఉండకూడదు. భూమి పురపాలక సంఘం పేరున, మూలధనం రిజిస్టరైన ట్రస్టు పేరున ఉండి, కమిటీలో వార్డు సభ్యులు, దాతల కుటుంబం, మహిళా సంఘాలు, బడి ఉపాధ్యాయులు ఉంటే ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు. ఏటా జమాఖర్చులు, బతికిన చెట్ల లెక్క తోట ద్వారం దగ్గరే అతికించాలి.

పనుల వరుస ఇలా ఉండాలి. మొదటి ఏడాది భూమి కొలతలు, దస్తావేజు, వార్డు సభల్లో కథల సేకరణ. రెండో ఏడాది నీటి ఏర్పాటు, కంచె, వానలు పడగానే నాటడం. తర్వాతి మూడు ఎండాకాలాలు నీళ్లు పోయడం తప్ప మరే ఆర్భాటం అక్కరలేదు. చెట్లు నిలదొక్కుకున్నాకే పేర్ల రాళ్లు పాతాలి. శంకుస్థాపన ఫలకంతో మొదలుపెట్టి మొక్కల దగ్గరికి రావడం ఇప్పుడున్న అలవాటు. దాన్ని తిరగేస్తే ఖర్చు తగ్గుతుంది, ఎండిన మొక్క పక్కన ఏ కుటుంబం పేరూ నిలబడే పరిస్థితి రాదు.